ఒకే మాను, రెండు బాడిసలు

ఆ వేసవి నాటికి మా అత్త దేవుడితో మాట్లాడటం మానేసింది. మాతో మాత్రం మానలేదు. దేవుడి వంతు తిట్లు కూడా కలిపి మాకే వడ్డించేది.

అది అరవై మూడో సంవత్సరం. మాయాబందర్ జెట్టీకి కాస్త ఎడంగా, ఒడ్డు మీద మా మత్స్యకారుల ఇళ్లు పద్నాలుగు ఉండేవి. సర్కారు వాళ్లు మమ్మల్ని శ్రీకాకుళం వైపు నుంచి స్టీమరెక్కించి సముద్రం అవతలున్న ఆ దీవికి తెచ్చి, తలా కాస్త స్థలమిచ్చి అక్కడ కూర్చోబెట్టి ఏడేళ్లవుతోంది. నాకు పంతొమ్మిదేళ్లు. మా అత్త కాళమ్మకు నేను సొంత అన్న కూతుర్ని, ఆమె పెద్దకొడుకు నూకన్న పెళ్లాన్ని. అంచేత ఆవిడ నన్ను తిడితే మేనకోడలిని తిట్టినట్టు, నేను ఎదురు చెబితే మేనత్తకు చెప్పినట్టు సరిపోయేది.

కిందటి వానల్లో మా మరిది లక్ష్ముడు పోయాడు. పదిహేడేళ్లవాడు. వలకు వెళ్లిన పడవ ఈదురుగాలికి పగడపు రాళ్ల మీద పడి బద్దలైంది. మా మావ సూరయ్య ఒక చెక్క పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పిల్లవాడు రాలేదు. మూడు రోజులు వెతికినా దొరకలేదు. వాళ్లు వలకు వెళ్లే ముందురోజే మా అత్త గంగమ్మకు నల్లకోడిని కోసి మొక్కింది. అదే ఆవిడకు మింగుడు పడలేదు.

"కోడినీ తిన్నాది, నా గుంటడినీ తిన్నాది. ఇంక దాని మొగం నాను సూడను" అంది. అన్నట్టే చూడలేదు. ఇంటి ముందే సముద్రం ఉన్నా అటు వీపు పెట్టి కూర్చునేది. అలా కూర్చుని చేపలు తోమడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

పడవ లేక మా మావా, మా ఆయనా కలప కొట్టే అడవి కూపుల్లో దుంగలు లాగే కూలికి పోయారు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి ఏనుగు వెనకాల గొలుసు మోసుకుంటూ నడవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. సంక్రాంతి వెళ్లాక మావ ఒకరోజు గట్టిగా అనేశాడు. "ఈ ఎండాకాలం కొత్త పడవ దిగాల. వానలు పడిపోతే మరి నావల్ల కాదు. కూపులోనే పడి సస్తాను, సంద్రం మాటెత్తను."

పడవ చేయించడం కష్టం కాదు. దింపడమే కష్టం. మాలో కొత్త పడవ నీళ్లలో దిగాలంటే ఇంటి పెద్ద ఆడమనిషి ముందు దాని మీద చెయ్యి వేయాలి. పసుపు రాసి, బొట్టు పెట్టి, "అంపినోల్ని అంపినట్టు తిరిగి అంపించు తల్లీ" అని గంగమ్మకు అప్పగించాలి. అప్పగింత జరగని పడవను మా వాళ్లెవరూ ఎక్కరు. కోడలు చేస్తే చెల్లదా అని నేను అడిగాను. ఇంటి పెద్దది బతికుండగా కోడలు చెయ్యి వేస్తే ఆవిడ చావు కోరుకున్నట్టట. నేను నోరు మూసుకున్నాను.

"నువ్వు పడవ సేయించుకో. నా సెయ్యి మాత్రం దాని మీద పడదు" అంది మా అత్త.

మావ చేయించుకోవడమే మొదలుపెట్టాడు. మనసు మారుతుందని ఆశ.

*

అడవిశాఖ వాళ్ల పర్మిట్ మీద కొట్టిన పెద్ద మానొకటి కాలువ వెంట తేలుతూ మా ఒడ్డుకు వచ్చింది. దాన్ని తొలిచి పడవ చేయడానికి ఇద్దరు వచ్చారు. ఒకాయన సా తూ. కరెన్ జాతివాడు, పక్కనున్న వెబీ ఊరివాడు. వాళ్ల పెద్దలు తెల్లదొరల కాలంలో బర్మా నుంచి వచ్చారు, ఊరంతా క్రైస్తవులే. రెండో ఆయన బామౌన్. ఆయనదీ బర్మాయే గానీ బౌద్ధుడు, అరవై దాటినవాడు, ఎముకలకు చర్మం తగిలించినట్టుండేవాడు. మేమంతా ఆయన్ని చాచా అనేవాళ్లం. ఆ ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే మానుకు చెరో కొసన కూర్చుని చెక్కుతూ, మధ్యలో కలుసుకునేదాకా దేవుడి గురించి వాదించుకుంటారని మాయాబందరంతా చెప్పుకునేది.

మొదటి రోజు బామౌన్ చాచా మాను దగ్గర పిడికెడు అన్నం, రెండు పువ్వులు పెట్టి ఏదో గొణిగాడు. చెట్టులో కాపురమున్న వాళ్లను ఖాళీ చేయమని మర్యాదగా అడగడమట. సా తూ టోపీ తీసి, కళ్లు మూసుకుని, వాళ్ల దేవుడితో కాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత బాడిసలు లేచాయి. రెండు కొసల నుంచీ చెక్కపేళ్లు ఎగిరాయి.

మా మావ ఇదంతా చూశాడు. ఇద్దరూ పూజ చేశారు, ఇద్దరూ కోడి అడగలేదు. మొహమాటపడుతున్నారనుకున్నాడు. నెలరోజుల తర్వాత, సగం తొలిచిన మాను మీద తెల్లారగట్ల ఒక పుంజును కోసి, ఎవరికీ లోటు రాకుండా ఈ కొసన ఒక చార, ఆ కొసన ఒక చార రక్తం పూశాడు. వాళ్లు రాగానే నవ్వుమొహంతో చూపించాడు.

"ఇదిగో చాచా, ఇది మీ బుద్ధుడి వాటా. భయ్యా, ఇటుపక్కది మీ యేసు వాటా. సమానంగానే ఏసినాను. కూర కూడా అయిపోయింది."

బామౌన్ చాచా ఆ చారను చూశాడు. బాడిసను గోనెలో చుట్టుకున్నాడు. "నా పేరున ప్రాణం తీశావు, సూరయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరైనా పోయిన ఇంట్లో మాట్లాడినట్టు అన్నాడు.

సా తూ మొహం మాత్రం ఎర్రబడింది. "మా దేవుడికి రక్తం అక్కర్లేదు భయ్యా. ఆఖరి రక్తం ఆయనే ఇచ్చేశాడు, బస్. దాని తర్వాత ఎవరు పోసినా ఆయన్ని నమ్మనట్టే."

ఇద్దరూ వెళ్లిపోయారు. మా మావ ఒడ్డున నిలబడిపోయాడు, చేతిలో కత్తితో. జన్మలో ఏ దేవుడికీ ఇంత లెక్కగా వాటా వేసి ఎరగడు పాపం.

మూడు రోజులు వాళ్లు రాలేదు. ఎండ మండిపోతోంది. సగం తొలిచిన మాను ఎండకు ఆరితే నిలువునా చీలిపోతుంది. నేను గోనెలు తడిపి కప్పుతూ, అవి ఆరితే మళ్లీ తడుపుతూ తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం మా అత్త అడిగింది, "ఆ కూర ఎవులు తిన్నారే?"

"మనమే తిన్నాం. ఆల్లు ముట్టనేదు."

"మన గుమ్మం కాడి నుంచి తినకండా ఎల్లిపోనారా?"

అంతే. పడవ మీద ఎంత కోపమున్నా, పనివాడు మా ఇంటి నుంచి ఖాళీ కడుపుతో వెళ్లాడంటే ఆవిడ ఓర్చుకోలేదు. గుమ్మడికాయ పులుసు కాచింది. నేను ఎండుచేప వేయబోతే నా చెయ్యి పట్టుకుంది. "పేనమున్నది ఏదీ ఎయ్యకు. ఆ ముసిలోడు మరీ సుకుమారం నాగుంది." గిన్నె నా నెత్తిన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, ముందు తనే నడిచింది.

*

బామౌన్ చాచా ఇల్లు కర్రల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు. లోపల ఎత్తు మీద చెక్క బుద్ధుడు, ముందు ఒక గ్లాసు నీళ్లు, మూడు పువ్వులు. మేం మాట్లాడుకున్నదంతా కలగాపులగపు హిందీలోనే. నాకు గుర్తున్నంతలో చెబుతున్నాను.

మా అత్త దండం పెట్టలేదు. నిలబడే అంది, "కోడిని కోసినోడు మా ఇంటాయన. తప్పయిపోనాది. మీ దేవుడికి ఏటి ఇత్తే కోపం పోద్ది?"

"ఆయన దేవుడు కాడు దీదీ. మనిషి. ఆయనకు కోపం లేదు. ఆయన కూడా లేడు. వెళ్లిపోయాడు."

"ఎల్లిపోయినోడికి పువ్వులెందుకు?"

"రేపటికి వాడిపోతాయి కదా. వాడిపోవడం చూడ్డానికి."

మా అత్త నా వైపు చూసింది, ఈ ముసలాయనకు మతి బాగుందా అన్నట్టు. "మీకు దేవుళ్లే నేరా?"

"ఉన్నారు, బహుత్ ఉన్నారు. పైన మంచి ఇళ్లలో, మంచి తిండితో వేల ఏళ్లు బతుకుతారు. కానీ వాళ్లు కూడా చచ్చిపోతారు."

నాకు తెలిసిన దేవతలు కోపగించుకుంటారు, పూనుతారు, ఊళ్లు ముంచుతారు. చచ్చిపోవడం ఎప్పుడూ వినలేదు.

చాచా వేళ్లు మడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. "దేవుడికి చావు దగ్గరపడితే మెడలో దండ వాడుతుంది. అదివరకు ఎప్పుడూ వాడని దండ. బట్ట మాస్తుంది. ఒంటి మీద వెలుగు తగ్గుతుంది. సంకల్లో చెమట పడుతుంది. కూర్చున్న చోట కూర్చోలేడు. అప్పుడు తెలుసుకుంటాడు, నా టైమైపోయిందని. మిగతా దేవుళ్లు చుట్టూ నిలబడి ఏడుస్తారు. ఆపలేరు."

"దేవతకి సంకల్లో సెమటా!" అంది మా అత్త. అని అలాగే నేల మీద కూలబడింది. గొంతు తగ్గించి అడిగింది, "మా గంగమ్మకి కూడానా?"

"ఆమె కూడా ఒకప్పుడు పుట్టిందేగా."

"మరి నా గుంటడిని ఎవులు తీసికెల్లినారు?"

"ఎవరూ తీసుకెళ్లలేదు దీదీ. గాలి వచ్చింది. రాయి ఉంది. పడవ పగిలింది."

ఆవిడ విరుచుకుపడుతుందని నేను గిన్నె గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఆ మూడు పువ్వులను చూస్తూనే గిన్నె అందుకుని వడ్డించింది. ముసలాయన రెండుసార్లు పులుసు వేయించుకున్నాడు.

*

మర్నాడు ఇద్దరూ పనిలోకి వచ్చారు. కాళమ్మ దీదీ అంతదూరం నడిచి వెళ్లిందని తెలిసి సా తూ కోపం కూడా కరిగింది. రక్తం పూసిన మేరకు చెక్కను పలచగా చెక్కి తీసి, ఆ పేళ్లను ఒకాయన సముద్రంలోకి, ఒకాయన అడవిలోకి విసిరారు. అక్కడ కూడా ఇద్దరికీ కుదర్లేదు.

అప్పటి నుంచి మా అత్త మధ్యాహ్నం అన్నం తనే పట్టుకెళ్లేది. పడవకు వీపు పెట్టే కూర్చునేది, చెవులు మాత్రం అటే. వాళ్ల వాదనకు ఇప్పుడొక మనిషి దొరికింది.

"మా దేవుడు చావడు దీదీ" అనేవాడు సా తూ. "ఆయనకు మొదలు లేదు, చివర లేదు. ఈ మానునీ సముద్రాన్నీ మనల్నీ చేసింది ఆయనే. బామౌన్ చెప్పేవాళ్లు దేవుళ్లు కారు, పెద్ద ఉద్యోగస్తులు. పింఛనొచ్చే దాకానే."

"చేసినవాడు ఉంటే, రాయిని ఎందుకు చేశాడు? గాలిని ఎందుకు తోలాడు?" అనేవాడు చాచా, బాడిస ఆపకుండా. "నేను ఎవర్నీ తప్పు పట్టక్కర్లేదు. నువ్వు రోజూ నీ మాలిక్ తరఫున జవాబు చెప్పుకోవాలి."

ఒకరోజు సా తూ ఆ మాటకు బాడిస కింద పెట్టాడు. చెమట తుడుచుకుని మా అత్త పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఎందుకో నాకు తెలీదు దీదీ. ఒక్కటి తెలుసు. ఆయన పైన కూర్చుని చూస్తూ ఊరుకోలేదు. తన కొడుకుని పంపాడు. జనం ఆ కొడుకుని మేకులు కొట్టి చంపారు."

"దేవుడి కొడుకునా? తల్లి ఉందేటి ఆ బాబుకి?"

"ఉంది. అక్కడే ఉంది."

"సూత్తూ ఉందా?" మా అత్త అప్పుడు మొదటిసారి మాను వైపు, అతని వైపు తిరిగి కూర్చుంది. "ఏటి సేసినాది ఆ తల్లి?"

"ఏం చేసిందని మా పుస్తకంలో లేదు. నిలబడి ఉంది అని ఉంది. అంతే."

"నిలబడి ఉంది" అని మా అత్త తనలో తను అనుకుంది. తర్వాత అడిగింది. "మూడోనాడు మల్లీ లేసినాడని మీవోలు సెప్తారు గదా. బతికినోడు మీ దేవుడు. మరి మా లక్ష్ముడు? మీ దేవుడి కాడున్నాడా?"

ఎప్పుడూ జవాబు నాలిక చివరే ఉండే మనిషి తల దించుకున్నాడు. నమ్మినవాళ్లకే ఆ చోటని వాళ్ల గుడిలో చెబుతారని మా అందరికీ తెలుసు. ఆవిడకు అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పడానికి నోరు రాదు.

"నాకు తెలీదు దీదీ. నేను రోజూ అడుగుతున్నాను. వాణ్ణి వెతకడానికి నేను కూడా వెళ్లిన రోజు నుంచి, రోజూ పొద్దున ప్రార్థనలో వాడి పేరు చెప్పి అడుగుతున్నాను. లక్ష్ముడిని దగ్గర పెట్టుకో ప్రభూ అని."

అవతలి కొస నుంచి చాచా దగ్గాడు. "పున్నమికి నేను కూడా" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "పుణ్యం చేసుకున్నాక నీళ్లు పోసి దాన్ని పోయినవాళ్లకు పంచుతాం మేం. వాడి పేరు చెప్పి పోస్తాను. ఎక్కడ పుట్టాడో అక్కడికి చేరాలని."

"సేరిందని ఎవులు సూత్తారు?"

"ఎవరూ చూడరు."

ఎనిమిది నెలలుగా నా మరిది పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. భయం. ఎత్తితే అత్త ఏమైపోతుందోనని. అన్నాళ్లూ ఆ పేరును రోజూ ఒకాయన చావులేని దేవుడికి చెబుతున్నాడు, నెలకోసారి ఒకాయన ఎవరికీ చెప్పకుండా నీళ్లలో పోస్తున్నాడు. మా అత్త అన్నం గిన్నెలు సర్దుకుని ఇంటికి నడిచింది. దారిలో ఒక్కటే మాట అంది. "దేవుళ్ల ఇళ్లల్లో కూడా ఏడుపులున్నాయన్నమాటే."

*

చైత్రం చివర్లో మానును విప్పే రోజు వచ్చింది. తొలిచిన మాను ఇరుకుగా, మూరెడు వెడల్పే ఉంటుంది. దాన్ని దిమ్మల మీద పెట్టి, కడుపు నిండా నీళ్లు పోసి, కింద కొబ్బరిపీచు మంట వేస్తారు. నీళ్లు కాగుతూ చెక్క మెత్తబడుతుంటే అడ్డకర్రలు బిగిస్తూ, ఒకదాని తర్వాత ఇంకో పొడుగు కర్ర మారుస్తూ, అంచులను రెండు పక్కలకూ తెరుస్తారు. తొందరపడితే చీలుతుంది. ఆలస్యమైతే మళ్లీ బిగుస్తుంది. మూడు నెలల పని ఒక్క పూటలో తేలిపోతుంది.

ఆ రోజు ఇద్దరూ వాదించుకోలేదు. పొద్దుటి నుంచి ఒక్క మాటైనా లేదు. సా తూ ఒక అంచున, చాచా ఒక అంచున, మావా మా ఆయనా కర్రల దగ్గర. నేను కడవతో నీళ్లు మోస్తున్నాను. అత్త ఎడంగా, తాగే నీళ్ల కుండ పక్కన కూర్చుంది.

పొద్దెక్కాక గాలి తిరిగింది. మంట ఒక పక్కకు వాలింది. మానులోంచి టక్కుమని చిన్న చప్పుడు.

చాచా చెక్కకు చెవి ఆనించి, "పానీ! ఇధర్ పానీ!" అని అరిచాడు. నేను సముద్రం దగ్గరే ఉన్నాను, కడవ సగమే నిండింది. మావ కర్ర వదిలితే అంచులు మూసుకుపోతాయి. ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.

మా అత్త లేచింది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తాగే నీళ్ల కుండ ఎత్తి, ఆరిపోతున్న ఆ పక్క మీద గుమ్మరించి, అరచేత్తో ఆ తడిని చెక్క పొడుగునా రాసింది. చెక్క కాలుతోంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు. "ఇంకా తేవే, నిలబడి సూత్తావేటి!" అని నన్ను కసిరింది. నేను పోస్తున్నాను, ఆవిడ రాస్తోంది. జ్వరంతో కాలే పశువు వీపు నిమిరినట్టు నిమురుతోంది.

మా మావ చూశాడు. పొగ వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు మాను తెరుచుకోవడం మొదలైంది. కంటికి కనిపించీ కనిపించనంత నెమ్మదిగా. వందేళ్లు ముడుచుకుని ఉన్న చెట్టు, మా ఆరుగురి మధ్యలో, చప్పుడు లేకుండా రెండు పక్కలకూ విచ్చుకుంది. మూరెడు వెడల్పు రెండు మూరలైంది. మధ్యలో కడుపు వచ్చింది, కొసలు పైకి లేచాయి. ఎవరూ చెక్కని వంపు ఒకటి దానంతటది వచ్చి కూర్చుంది. మనుషుల చేతుల్లో ఇంత పెద్దది జరగడం నేను మళ్లీ చూడలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సా తూ టోపీ తీశాడు. "దేవుడి పని" అన్నాడు మెల్లగా.

"తడి, వేడి, ఓపిక" అన్నాడు చాచా.

"నోరు ముయ్యండి ఇద్దరూ!" అంది మా అత్త, కళ్లు దాని మీంచి తీయకుండా. "నన్ను సూడనియ్యండి."

*

వైశాఖంలో, వానలకు ఇంకా రెండు వారాలుండగా, పడవ దింపాం. ఒడ్డున పద్నాలుగిళ్ల వాళ్లూ ఉన్నారు. సా తూ, చాచా కాస్త ఎడంగా నిలబడ్డారు. కోడి కోయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మా అత్త మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి. అరచేతిలో కాలిన పుండు ఇంకా మానలేదు. అదే చేత్తో పసుపు రాసింది, బొట్టు పెట్టింది. మావ, మా ఆయన పడవెక్కి తెడ్లు పట్టుకుని ఆవిడ నోటివైపు చూస్తున్నారు. అప్పగింత మాట రావాలి.

"అంపినోల్ని అంపినట్టు తిరిగి అంపించు తల్లీ" అంది. అక్కడితో అయిపోవాలి. ఆవిడ పడవ వదల్లేదు. వంగి, నీళ్లకు మొహం దగ్గరగా పెట్టి, పక్కింటి ఆడమనిషితో గోడ మీంచి మాట్లాడినట్టు మాట్లాడింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"నిన్ను సానా తిట్టీసినాను. ఆ దినం గాలిని ఆపడం నీవల్ల కూడా అవనేదేమో, నాకేటి తెలుసు? నువ్వూ జాగర్తమ్మా."

అని, రెండు చేతులతో పడవను తోసింది.